పొడవు కలిసింది, వెడల్పు కలవలేదు

అనంతగిరి ఘాటు రోడ్డు వదిలి ఎర్రమట్టి బాటలోకి తిరిగాక ఒక చిన్న మిట్ట వస్తుంది. చూడ్డానికి ఏమంత లేదు, గట్టిగా నలభై అడుగులు ఉంటుందేమో. ఆ ఆదివారం పొద్దున దాని మీదికి సైకిలెక్కిస్తూ సీటులోంచి లేచి కుడి పెడల్ మీద ఒళ్ళంతా మోపాను. టక్కుమంది. పెడల్ ఒక్కసారిగా కిందికి జారింది, మోకాలు వెళ్ళి హ్యాండిల్‌కి కొట్టుకుంది. దిగి చూస్తే చైన్ ఊడలేదు, తెగలేదు. మళ్ళీ ఎక్కి తొక్కితే మళ్ళీ టక్కు. చదునులో బుద్ధిగా నడుస్తుంది, బరువు పడగానే ఎగురుతుంది.

నాకు ఒళ్ళుమండింది ఎందుకంటే, ఆ చైన్ వారం కిందట వేయించిన కొత్త చైన్. షాపులో కుర్రాడు పాతదాన్ని విప్పి చూపించి, "సాగిపోయింది అన్నా, కొత్తది వేశాను, ఇక ఢోకా లేదు" అన్నాడు. సాగిపోయిన పాత చైన్‌తో రెండేళ్ళలో ఒక్కసారీ జారలేదు. కొత్తది వేసిన ఏడోరోజున జారింది.

ఇంటికొచ్చి కూర్చుని చూస్తే ఆ కుర్రాడు చెప్పింది అబద్ధం కాదు. సగం నిజం. చైన్ పోయింది, కానీ అది పోతూ పోతూ వెనక చక్రం మీదున్న క్యాసెట్‌ను కూడా తనతో తీసుకుపోయింది.

గేర్ సైకిల్ వెనక చక్రానికి కుడివైపున చిన్నదాని నుంచి పెద్దదాని వరకు పళ్ళ బిళ్ళలు వరసగా పేర్చి ఉంటాయి చూశారా, ఆ దొంతరే క్యాసెట్. నా సైకిల్‌కి తొమ్మిది బిళ్ళలు: అన్నిటికన్నా చిన్నదానికి 11 పళ్ళు, పెద్దదానికి 34. ముందు పెడళ్ళ దగ్గర మూడు చైన్ వీల్‌లు: 22, 32, 44. పదేళ్ళ కిందటి కొండ సైకిళ్ళలో సర్వసాధారణంగా కనిపించిన అమరిక ఇది.

చైన్ "సాగడం" అన్న మాట ముందు తేల్చుకోవాలి. మనమంతా అదే అంటాం. కానీ చైన్ పలకలు రబ్బరులా సాగవు, ఉక్కు అంత తేలిగ్గా లొంగదు. జరిగేది అరుగుదల. చైన్‌లో ఒక లోపలి లింకు, ఒక బయటి లింకు, మళ్ళీ లోపలిది, ఇలా మారుతూ ఉంటాయి. రెంటినీ కలిపేది ఒక చిన్న పిన్ను. చైన్ ఒక బిళ్ళ చుట్టూ వంగినప్పుడల్లా ఆ పిన్ను తన గూట్లో కొంచెం తిరుగుతుంది. 34 పళ్ళ బిళ్ళ మీద పదిన్నర డిగ్రీల పైచిలుకు, 11 పళ్ళ దాని మీద దాదాపు 33 డిగ్రీలు. నిమిషానికి 80 చుట్లు తొక్కుతూ 32 పళ్ళ చైన్ వీల్ మీద ఉంటే నిమిషానికి 2560 లింకులు వెనక బిళ్ళ మీదికి వచ్చి వంగి వెళ్తాయి. ఆ పిన్నుకూ గూటికీ మధ్య నూనెతో కలిసిన ఎర్రమట్టి చేరిందంటే సానరాయి పొడి పోసి రుద్దినట్టే. పిన్ను అరుగుతుంది, గూడు వదులవుతుంది, ఒక్కో పిన్ను దగ్గర వెంట్రుక మందమంత ఖాళీ పుడుతుంది. అన్ని ఖాళీలూ కలిసి చైన్ పొడుగవుతుంది. చిత్రమేమిటంటే లోపలి లింకు రెండు రోలర్ల మధ్య దూరం ఎప్పటికీ మారదు, ఎందుకంటే ఆ రెండూ ఒకే జత పలకల మీద కూర్చున్నాయి. పెరిగేదంతా బయటి లింకుల దగ్గరే.

కొలవడానికి ఖరీదైన పనిముట్టు అక్కర్లేదు, అంగుళాల గీతలున్న ఉక్కు స్కేలు చాలు. చైన్‌లో ఒక పిన్ను నడుమ నుంచి పక్క పిన్ను నడుమకు సరిగ్గా అర అంగుళం, అంటే 12.7 మి.మీ. ఒక పిన్ను మీద సున్నా పెడితే పన్నెండో అంగుళం గీత ఇరవై నాలుగో పిన్ను నడినెత్తిన పడాలి. చైన్ అరిగితే ఆ పిన్ను గీత దాటి ముందుకు పోతుంది. అంగుళాన్ని రూపాయి అనుకుంటే, ఒక అణా ముందుకెళ్ళిందంటే, అంటే పదహారో వంతు, అరుగుదల అర శాతానికి చేరినట్టు. అప్పుడే చైన్ మార్చేస్తే క్యాసెట్ బతుకుతుంది. ఒక బేడ ముందుకెళ్ళిందంటే, ఎనిమిదో వంతు, ఒక శాతం దాటినట్టు. ఇక క్యాసెట్ మీద ఆశ వదులుకోవచ్చు. సన్నని చైన్లుండే 11, 12 వరసల, అంటే వెనక అన్ని బిళ్ళలుండే, సైకిళ్ళకు అణా దాకానే గడువు. 9, 10 వరసల వాటికి ముప్పాతిక శాతం దాకా కొందరు ఓపిక పడతారు. గుమ్మం దగ్గర మూటగట్టి పడేసిన నా పాత చైన్‌ను తెచ్చి స్కేలు పక్కన పరిచాను. బేడా దాటింది, ఇంకో కానీ, అంటే పావు అణా, కూడా దాటింది.

పొడుగైన చైన్ బిళ్ళను ఎలా పాడు చేస్తుందో చూడాలంటే బిళ్ళను కంటికి దగ్గరగా పెట్టుకోవాలి. కొత్త బిళ్ళ మీద ఒక్కో పన్నుకు అటూ ఇటూ ఒకే వాలు, పళ్ళ మధ్య గుండ్రని లోయ, ఆ లోయలో రోలరు. చైన్ లాగే బరువును ఒకే పన్ను మోయదు, కొన్ని పళ్ళు పంచుకుంటాయి. లాగుడు మొదలయ్యే పంటికి పెద్ద వాటా, పక్కదానికి కొంచెం తక్కువ, ఆపై ఇంకొంచెం తక్కువ. చైన్ అడుగులు, అంటే పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరాలు, బిళ్ళ అడుగుల కన్నా పొడుగైతే ఈ పంపకం చెడుతుంది. రోలర్లు లోయ వదిలి పళ్ళ మీదికి ఎగబాకుతాయి, బరువంతా ఒకటి రెండు పళ్ళ నెత్తిన పడుతుంది. ఆ పళ్ళు ఒక పక్కనే తినుకుపోయి, పొడుగైన చైన్‌కు సరిపడే ఆకారంలోకి వస్తాయి. పాత జంట ఒకరికొకరు అలవాటు పడ్డట్టు నడిచిపోతూనే ఉంటాయి. అందుకే నాకు రెండేళ్ళూ ఏమీ తెలియలేదు.

ఇప్పుడు ఆ కొక్కెం తిరిగిన పళ్ళ మీదికి కొత్త చైన్ వచ్చింది. దాని అడుగులు నిక్కచ్చిగా అర అంగుళం. కింది నుంచి వచ్చే రోలరు లోయలోకి దిగాల్సింది పోయి కొక్కెం కొసన ఎక్కి కూర్చుంటుంది. మెల్లగా తొక్కితే ఎలాగో జారి కుదురుకుంటుంది. గట్టిగా తొక్కితే ఎగిరి అవతలి పంటి మీద పడుతుంది. గట్టిగా అంటే ఎంతో లెక్క వేసి చూస్తే నాకే నమ్మశక్యం కాలేదు. డెబ్భై కిలోల మనిషి పదిహేడున్నర సెంటీమీటర్ల పెడల్ చేతి మీద నిలబడ్డాడు. 22 పళ్ళ చైన్ వీల్ వ్యాసార్ధం నాలుగున్నర సెంటీమీటర్లకు రవ్వంత తక్కువ. మీట సూత్రం ప్రకారం చైన్ మీద పడే లాగుడు మనిషి బరువుకు దాదాపు నాలుగింతలు, అంటే 275 కిలోల దరిదాపు. అంత లాగుడు కొక్కెం కొసన కూర్చున్న ఒక రోలరు మీద పడితే అది ఎగరక ఏం చేస్తుంది?

నా క్యాసెట్‌లో 34 పళ్ళ బిళ్ళ ఇంకా కొత్త పెళ్ళికూతురిలా ఉంది. చెడిపోయినవి మధ్యలో ఉండే 15, 17, 20. మనం రోజూ తిరిగేది వాటి మీదే కదా.

క్యాసెట్ మార్చాలని తేలాక పెట్టె మీద "9 స్పీడ్" అని చూసి కొనేయడమే అనుకున్నాను. ఈలోగా విశాఖ నుంచి మా అన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు. వాడికి ఈమధ్యే సైకిల్ పిచ్చి పట్టింది, పొద్దున్నే కైలాసగిరి ఎక్కి ఫోటోలు పెడుతుంటాడు.

"బాబాయ్, ఆన్‌లైన్‌లో 12 స్పీడ్ క్యాసెట్ సగం ధరకే వస్తోంది. పెద్ద బిళ్ళకి 51 పళ్ళట. నా సైకిల్‌కి వేసేసుకోనా?"

"ముందు నీ సైకిల్ మీద ఏముందో చూడరా."

"ఇరవయ్యొక్క గేర్లు."

ముందు మూడు, వెనక ఏడు. మూడేళ్ళు ఇరవయ్యొకటి. వెనక్కి పెడల్ తిప్పుతూ మధ్యలో ఏముందో వీడియో తీసి పంపమన్నాను. వచ్చింది. నేను అనుకున్నదే. వాడి సైకిల్‌కి ఉన్నది అసలు క్యాసెట్టే కాదు, ఫ్రీవీల్.

బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి, కాబట్టి వాడి తప్పేం లేదు. మన పాలవాళ్ళ సైకిల్‌కి వెనక ఒకే బిళ్ళ ఉండి, తొక్కడం ఆపితే కిటకిటమంటుందే, అది ఫ్రీవీల్. ముందుకు తొక్కితే పట్టుకుని, వెనక్కి తిప్పితే వదిలేసే చిన్న నాలికల యంత్రం ఆ బిళ్ళ కడుపులోనే ఉంటుంది. మొత్తం ముద్దగా చక్రం నడుమనుండే హబ్ మీదికి మర తిప్పి ఎక్కిస్తారు. 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 మరలు. వాడి ఏడు వరసలదీ అదే జాతి, కాకపోతే ఒకటికి బదులు ఏడు బిళ్ళలు. క్యాసెట్ పద్ధతిలో ఆ నాలికల యంత్రం హబ్‌కే అంటుకుని ఉంటుంది. దాన్ని ఫ్రీహబ్ అంటారు. బిళ్ళలు మాత్రం గాడులున్న ఆ గొట్టం మీదికి తొడిగే ఉంగరాలు, అంతే. అరిగితే ఉంగరాలు మార్చుకుంటాం, యంత్రం అలాగే ఉంటుంది.

ఎందుకు మార్చారు అంటే కారణం ఇరుసులో ఉంది. మర తిప్పే ఫ్రీవీల్‌తో కుడివైపు బేరింగు ఎక్కడో లోపల, చక్రం నడుముకు దగ్గరగా ఉండిపోతుంది. అక్కడి నుంచి ఫ్రేమ్ దాకా ఇరుసు ఏ ఆధారమూ లేకుండా బయటికి చాచుకుని ఉంటుంది. ఒకటో రెండో బిళ్ళలున్న రోజుల్లో ఫర్వాలేదు. ఐదు, ఆరు, ఏడు అని పేర్చుకుంటూ పోయేకొద్దీ ఆ చాపు పెరిగింది. పైగా కొండ సైకిల్ రాళ్ళ మీద ఎగిరి పడుతుంది. ఇరుసులు వంగేవి, విరిగేవి. యంత్రాన్ని హబ్‌తో కలిపేస్తే బేరింగును అంచుకు జరపొచ్చు, చాపు తగ్గుతుంది. షిమానో అనే కంపెనీ 1978లో తన డ్యూరా ఏస్ శ్రేణిలో ఈ పద్ధతిని తెచ్చింది. జపాన్‌లో ఒసాకా పక్కనున్న సకాయ్ కత్తుల తయారీకి పేరుపడ్డ ఊరు. షోజాబురో షిమానో 1921లో అక్కడ ఇనుప కార్ఖానా పెట్టాడు. మరుసటి ఏడాది ఆ కార్ఖానా చేసిన మొదటి సరుకు ఏమిటంటే, సైకిల్ ఫ్రీవీలే. ఏది చేసి అన్నం తిన్నారో దానికే చివరికి కాలం చెల్లించారన్నమాట. కాలం చెల్లింది అనడం కూడా పూర్తిగా నిజం కాదు. మా వాడి సైకిల్ లాంటి చవక గేర్ సైకిళ్ళు చాలావరకు నేటికీ ఫ్రీవీల్ మీదే నడుస్తున్నాయి.

"అయితే 12 స్పీడ్ పడదా?"

"తొడగడానికి గొట్టమే లేదు కదరా, ఉంగరం ఎక్కడ పెడతావ్?"

ఫోన్ పెట్టేశాక నా సంగతి ఆలోచించాను. నాకు గొట్టం ఉంది. అంతటితో అయిపోయిందా?

ఇక్కడ సైకిల్ చరిత్రలో నాకు తమాషాగా తోచే విషయం ఒకటి ఉంది. హాన్స్ రెనాల్డ్ అనే స్విస్ ఇంజనీరు 1880లో మాంచెస్టర్‌లో బుష్ రోలర్ చైన్ తయారు చేశాడు. ఇప్పటి సైకిల్ చైన్లన్నీ దాని వారసులే. తాతల నాటి నల్ల సైకిల్ చైన్ తీసుకోండి, లక్షలు పోసి కొన్న కొండ సైకిల్ 12 వరసల చైన్ తీసుకోండి. రెంటిలోనూ పిన్నుకూ పిన్నుకూ మధ్య అర అంగుళమే. పొడవు విషయంలో ప్రపంచమంతా ఒక్క మాట మీద నిలబడింది. తగాదా అంతా అడ్డంలో ఉంది. ఏది దేనికి పడుతుంది, ఏది పడదు అన్న ప్రశ్నల్లో తొంభై పాళ్ళు వెడల్పుకు సంబంధించినవే. కొనేవాళ్ళకు తలనొప్పి తెచ్చే కొలతలన్నీ మిల్లీమీటర్లో పదో వంతులు.

ఎలాగంటే, షిమానో గొట్టం మీద 8, 9, 10 వరసల క్యాసెట్లు మూడూ ఎక్కుతాయి. గొట్టం పొడవు మారలేదు మరి. అదే జాగాలో ఎక్కువ బిళ్ళలు ఇరికించారు. 8 వరసల దానిలో ఒక బిళ్ళ నడుమ నుంచి పక్కదాని నడుమకు 4.8 మి.మీ. ఏడు సందులు, మొత్తం 33.6. తొమ్మిదిలో సందు 4.35, ఎనిమిది సందులు, 34.8. పదిలో 3.95, తొమ్మిది సందులు, 35.5 చిల్లర. మా ఊరి బస్సులో ఇద్దరి సీట్లో ముగ్గురు సర్దుకున్నట్టే. సందు తగ్గితే చైన్ కూడా సన్నబడాలి, లేకపోతే పక్క బిళ్ళను రాసుకుంటుంది. 8 వరసల చైన్ బయటి వెడల్పు 7 మి.మీ. పైన, 9 వరసలది 6.6 దగ్గర, 10 వరసలది 6కు అటూ ఇటూ, 12 వరసలది ఐదుంపావు. పొడవు కొలత చూసి ఏ చైన్ అయినా ఒకటే అనుకుని 8 వరసల చైన్‌ను 9 వరసల క్యాసెట్ మీద వేస్తే తిరుగుతుంది, కానీ గీరుకుంటూ, ఏ గేరులో ఉండాలో తేల్చుకోలేక తిరుగుతుంది.

గొట్టం మీద ఎక్కడం ఒక పరీక్ష. హ్యాండిల్ మీదున్న షిఫ్టర్‌తో కుదరడం ఇంకో పరీక్ష, ఇదే అసలైనది. షిఫ్టర్‌లో ఒక్క నొక్కు నొక్కితే తీగ కొన్ని మిల్లీమీటర్లు లాగబడుతుంది. వెనకనున్న డీరెయిలర్ ఆ లాగుడును తన చట్రంతో కొన్ని రెట్లు చేసి చైన్‌ను పక్కకు జరుపుతుంది. షిమానో పాత కొండ సైకిళ్ళలో ఆ రెట్లు 1.7. నా 9 వరసల షిఫ్టర్ నొక్కుకు రెండున్నర మిల్లీమీటర్లు లాగుతుంది, డీరెయిలర్ దాన్ని 4.3 దాకా చేస్తుంది. బిళ్ళల సందు 4.35. చక్కగా కుదిరింది. ఇప్పుడు నేను అత్యాశకు పోయి 10 వరసల క్యాసెట్ వేశాననుకోండి. గొట్టం మీద నిక్షేపంగా ఎక్కుతుంది, బిగుసుకుంటుంది, చూడముచ్చటగా ఉంటుంది. కానీ సందు 3.95. ఒక్కో నొక్కుకు చైన్ 0.4 మి.మీ. ఎక్కువ జరుగుతుంది. మొదటి రెండు గేర్లు పడతాయి. ఐదో నొక్కుకు తేడా రెండు మిల్లీమీటర్లు, అంటే చైన్ సరిగ్గా రెండు బిళ్ళల మధ్య గాలిలో. అక్కడ అది ఏ బిళ్ళదో దానికే తెలియదు.

డీరెయిలర్ మార్చినా ఇదే గొడవ. షిమానో 10 వరసల కొండ సైకిళ్ళకు వచ్చేసరికి ఆ 1.7 రెట్లను 1.2కు దించేసింది. తీగ ఎక్కువ లాగి, డీరెయిలర్ తక్కువ కదిలితే బురద వల్ల, తుప్పు వల్ల వచ్చే చిన్న తేడాలు గేర్ల దాకా రావు. ఆలోచన మంచిదే. ఫలితంగా పాత షిఫ్టర్‌కి కొత్త డీరెయిలర్ పెట్టినవాళ్ళకు ఒక్కో నొక్కుకు 1.3 మి.మీ. తక్కువ పడుతుంది, మూడు నొక్కులు నొక్కితే దాదాపు ఒక బిళ్ళ వెనకబడి ఉంటుంది. స్రామ్ కంపెనీది మరో లెక్క, దాని రెట్లు వేరు. ఒకే కంపెనీలో, ఒకే "10 స్పీడ్" పేరుతో రోడ్డు సైకిల్ సామాను వేరు, కొండ సైకిల్ సామాను వేరు. ఈ విషయంలో కంపెనీలు కొనేవాళ్ళ మీద కొంచెం దయ చూపించి ఉండాల్సిందని నా అభిప్రాయం. పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాసే అంకె వరసల సంఖ్య. మనకు నిజంగా కావలసిన అంకెలు మాత్రం లోపలి కాగితంలో చీమతలకాయల్లో ఉంటాయి, ఉంటే.

వరసల సంఖ్య ఎంత మోసం చేస్తుందో చూడండి. షిమానో 12 వరసల కొండ క్యాసెట్ పాత గొట్టం మీద ఎక్కదు. అదే కంపెనీ డియోర్ శ్రేణిలో 11 నుంచి 51 పళ్ళ దాకా ఉండే 11 వరసల క్యాసెట్ పాత గొట్టం మీదే ఎక్కుతుంది. పోనీ పన్నెండైతే ఎక్కదని సూత్రం రాసుకుందామా అంటే, స్రామ్ వాళ్ళ ఎన్‌ఎక్స్ ఈగిల్ 12 వరసలదే, పాత గొట్టం మీదే కూర్చుంటుంది. కిటుకు వరసల్లో లేదు, చిన్న బిళ్ళలో ఉంది. 11 పళ్ళ బిళ్ళలో పళ్ళ లోయల అడుగు వ్యాసం 37 మి.మీ. పైన ఉంటుంది. 10 పళ్ళ దానిలో 33 చిల్లరే. ఆ పాటి జాగాలో మూలుగంతా తీసేసినా పాత గొట్టం పట్టేంత రంధ్రం చేయలేం. 10 పళ్ళ బిళ్ళ కావాలంటే గొట్టమే సన్నబడాలి. అందుకని స్రామ్ 2012లో ఎక్స్‌డి అనే గొట్టం తెచ్చింది, షిమానో 2018లో మైక్రో స్ప్లైన్ తెచ్చింది. రెండూ ఒకదానికొకటి పడవు. కొనేముందు చిన్న బిళ్ళకు ఎన్ని పళ్ళో చూస్తే చాలా సంగతులు అక్కడే తెలిసిపోతాయి.

నేను మాత్రం 9 వరసలతోనే ఉండిపోదామనుకున్నాను. అయినా ఒక చిన్న ఆశ. పెద్ద బిళ్ళ 34కు బదులు 36 ఉన్నది తీసుకుంటే అనంతగిరి మిట్ట కాస్త తేలికవుతుందేమో. ఇక్కడ మూడో పరీక్ష వచ్చింది. డీరెయిలర్‌కి కిందికి వేలాడే చేయి ఉంటుంది, అది మిగులు చైన్‌ను చుట్టుకుని బిగువుగా పట్టుకోవాలి. ఎంత మిగులును మింగగలదో దానికో హద్దు. లెక్క తేలిక: ముందు పెద్ద, చిన్న చైన్ వీల్‌ల తేడా, వెనక పెద్ద, చిన్న బిళ్ళల తేడా కలపాలి. నాది 44లోంచి 22 పోతే 22. 34లోంచి 11 పోతే 23. మొత్తం 45. నా పొడుగు చేయి డీరెయిలర్ హద్దు కూడా 45. 36 వేస్తే 47 అవుతుంది. అదీగాక ఆ డీరెయిలర్ 34 పళ్ళకు మించి పెద్ద బిళ్ళ మీదికి ఎక్కేలా చేసింది కాదు. చైన్ పొడవుగా ఉంచితే చిన్నా చిన్నా కలిసిన గేరులో వదులై వేలాడుతుంది, పొట్టిగా కోస్తే ఎప్పుడో పొరపాటున పెద్దా పెద్దా కలిపిన రోజున డీరెయిలర్‌ను ఫ్రేమ్ నుంచి పీకేస్తుంది. రెండో ప్రమాదమే పెద్దది. చాలామంది ఒకటి రెండు పళ్ళు హద్దు దాటించి నడిపేస్తుంటారు, నడుస్తుంది కూడా. నాకు ధైర్యం చాలలేదు. 34తోనే సరిపెట్టుకున్నాను.

విప్పే పని ఇంట్లోనే చేశాను. రెండు పనిముట్లు కావాలి. ఒకటి, క్యాసెట్ చివరనున్న లాక్‌రింగ్ గాడుల్లో ఇమిడే చిన్న ఉక్కు మూత లాంటిది, దాన్ని పానాతో తిప్పుతాం. రెండోది, ఇనప పట్టీకి పాత చైన్ ముక్క తగిలించిన కొరడా. ఈ కొరడా ఎందుకు అన్నది మొదటిసారి అందరికీ వచ్చే అనుమానం. లాక్‌రింగ్ అన్ని మరల్లాగే ఎడమకు తిప్పితే వదులవుతుంది. కానీ ఎడమకు తిప్పితే ఫ్రీహబ్ వదిలేసే దిక్కు అది. ఎంత తిప్పినా క్యాసెట్ కూడా కిటకిటమంటూ దాంతోపాటే తిరుగుతుంది. కొరడాను ఒక పెద్ద బిళ్ళకు చుట్టి ఎదురు పట్టు పడితే అప్పుడు కదులుతుంది. తిరిగి బిగించేటప్పుడు కొరడాతో పని లేదు, ఆ దిక్కున ఫ్రీహబ్ తానే పట్టుకుంటుంది, చక్రాన్ని ఆపుకుంటే చాలు.

ఒక్క ఉదుటున కర్రుమని వదిలింది. ఆ శబ్దానికి భయపడక్కర్లేదు. లాక్‌రింగ్ లోపలి వైపూ, చిన్న బిళ్ళ ముఖం మీదా సన్నటి గీతలు చెక్కి ఉంటాయి, అవి ఒకదాన్నొకటి కరుచుకుని వదులు కాకుండా చూస్తాయి. చిన్న బిళ్ళలు చేతికి ఊడి వచ్చాయి. పెద్దవి ఆరూ పొడుగు రివెట్లతో కలిపి కుట్టినట్టు ఒకే ముద్దగా ఉన్నాయి, అవి రాలేదు. గొట్టం అల్యూమినియం, బిళ్ళలు ఉక్కు. రెండేళ్ళ తొక్కుడుకు ఉక్కు బిళ్ళలు మెత్తని గాడి అంచుల్లోకి పళ్ళు దింపాయి. కొరడాతో వెనక్కి చిన్నగా తట్టి లాగాల్సి వచ్చింది. గాడి అంచులు పైకి లేచిన చోట సన్నని ఆకురాయితో రెండు రాపిళ్ళు రాపి, కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పల్చగా గ్రీజు పట్టించాను.

గొట్టం మీద గాడులు తొమ్మిది. ఎనిమిదీ ఒక వెడల్పు, ఒకటి మాత్రం వేరు. అందువల్ల ప్రతి బిళ్ళా ఒకే ఒక్క తీరులో కూర్చుంటుంది. మొదట్లో నేను ఇది మనబోటి వాళ్ళు తలకిందులుగా పెట్టకుండా చేసిన ఏర్పాటనుకున్నాను. అసలు సంగతి పళ్ళలో ఉంది. కొత్త బిళ్ళను వెలుతురుకు పెట్టి తిప్పి చూస్తే అన్ని పళ్ళూ ఒకలా ఉండవు. కొన్ని పొట్టివి, కొన్ని మెలితిరిగినవి, పక్కన కొన్నిచోట్ల ఏటవాలు గాట్లు. తయారీ లోపంలా కనిపిస్తుంది. 1989లో షిమానో హైపర్‌గ్లైడ్ పేరుతో తెచ్చిన పద్ధతి ఇది. చిన్న బిళ్ళ నుంచి పెద్దదానికి మారే చైన్‌కు ఆ గాటు మెట్టులా పనిచేస్తుంది. అది ఒక బిళ్ళ మీద ఒక పన్ను వదిలేలోపే పక్క బిళ్ళ మీద సరైన పంటిని అందుకుంటుంది. అలా జరగాలంటే పక్కపక్క బిళ్ళల్లో ఏ పన్ను ఏ పంటికి ఎదురుగా ఉండాలో ముందే నిర్ణయమై ఉండాలి. ఆ తొమ్మిదో గాడి పని అదే. ఒక క్యాసెట్‌లోని బిళ్ళనూ వేరే క్యాసెట్‌లోని బిళ్ళనూ కలిపి దొంతర చేస్తే తిరుగుతుంది, గేరు మారేటప్పుడు మాత్రం తడబడుతుంది.

లాక్‌రింగ్ బిగువు 40 న్యూటన్ మీటర్లని క్యాసెట్ మీదే చెక్కి ఉంది. అడుగు పొడవు పానా చివర పదమూడు, పద్నాలుగు కిలోల బియ్యం సంచి వేలాడదీస్తే ఎంతో అంత. బిగువు చూసే పానా లేకపోతే ఈ సంచి ఊహ పనికొస్తుంది. బిగించాక పెద్ద బిళ్ళను పట్టి అటూ ఇటూ కదిపాను, ఆటాడలేదు. చైన్ కూడా కొత్తదే మళ్ళీ కొన్నాను, వారం రోజులు కొక్కెం పళ్ళ మీద తిరిగిన దాన్ని నమ్మబుద్ధి కాలేదు. అతి జాగ్రత్త అంటారేమో, అనండి. పొడవు కోసం డీరెయిలర్‌ను పక్కన పెట్టి, చైన్‌ను ముందు 44 మీదా వెనక 34 మీదా చుట్టి, కలిసే చోటి నుంచి ఒక జత లింకులు, అంటే ఒక అంగుళం, అదనంగా వదిలి కోశాను. ముందు చైన్ వీల్‌లలో 32ది కూడా అరిగిందేమోనని కళ్ళజోడు పెట్టుకుని చూశాను. దానికింకా ఆయుష్షుంది.

ఆ రాత్రి మా వాడు మళ్ళీ ఫోన్ చేశాడు. 12 స్పీడ్ ఆలోచన మానేసి తన ఏడు వరసల ఫ్రీవీల్‌కు బదులు ఏడు వరసలదే కొత్తది తెప్పించాడట. పాతది ఊడటం లేదు. గాడుల్లో సరిపోయే మూత పెట్టి రెండు చేతులతో పానా తిప్పినా కదలడం లేదు. కదలదు మరి. మర తిప్పి ఎక్కించిన ఫ్రీవీల్‌ను వేసినవాడు చేత్తో బిగించి వదిలేసినా, కొండెక్కే ప్రతి తొక్కుడూ దాన్ని ఇంకాస్త బిగిస్తూనే ఉంటుంది. ఇన్నాళ్ళూ కైలాసగిరి ఎక్కిన కాళ్ళతో ఇప్పుడు చేతులు పోటీ పడాలి.

"మీ వీధిలో వెల్డింగ్ షాపు ఉందా?"

"ఉంది బాబాయ్."

"వాళ్ళ బల్ల మీద వైస్ ఉంటుంది. ఆ మూతను వైస్‌లో బిగించమను. చక్రాన్ని దాని మీద బోర్లా పెట్టి, బస్సు స్టీరింగ్‌లా రెండు చేతులతో టైరు పట్టుకుని ఎడమకు తిప్పు. పానా కన్నా చక్రమే పెద్ద మీట."

మర్నాడు పది గంటలకు ఫోటో వచ్చింది. వైస్ దవడల మధ్య నల్లటి ఫ్రీవీల్, పక్కన గోడకు ఆనించిన చక్రం, చక్రం మీద గ్రీజు చేతి ముద్రలు. కింద ఒకే మాట: "వచ్చేసింది."